ఒక రోజు హాజరు

కుడిచేతి వేళ్ళన్నీ అయిపోయాయి. ఎడమచేతి బొటనవేలు పెట్టమంది హాజరు తీసుకుంటున్న ధన్య. అఖిలాండం కొంగుతో వేలు గట్టిగా తుడుచుకుని గాజు బిళ్ళ మీద ఆనించింది. లోపల ఎర్ర దీపం వెలిగి ఆరిపోయింది. మిషన్‌లోంచి ఒక ఆడగొంతు, మళ్ళీ ప్రయత్నించమని తమిళంలో మర్యాదగా చెప్పింది.

"చూడు పాపా, పద్నాలుగు రోజులైనాది, ఒక్కనాడన్నా విసుక్కున్నాదా?" అంది అఖిలాండం. "మా కోడలికి నేర్పించల్ల, ఇట్లా మాట్లాడేదానికి."

వెనక వరసలో నిలబడిన అమ్మాయిలు నవ్వారు. "మీ వేళ్ళు ఇంకా పుట్టలేదవ్వా, అందుకే ఆధార్‌లో లేవు," అంది జయప్రియ. మంసాపురం నుంచి టౌన్ బస్సులో వేలాడుతూ వచ్చే పిల్ల, ఎప్పుడూ ఏదో ఒకటి అంటుంది.

ధన్య నవ్వలేదు. తెర మీద అఖిలాండం పేరు పక్కన 'రాలేదు' అని ఎర్రగా పడింది. వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఆ మాట చదువుకుంది. అక్షరాలు ఆమె బడిలో నేర్చినవి కావు. బస్సు బోర్డులు, నూలు బస్తాల మీది రాతలు చూసి కూడబలుక్కున్నవి. నేర్చుకోకపోయినా బాగుండేదని ఈ పద్నాలుగు రోజుల్లో చాలాసార్లు అనిపించింది.

పాలిటెక్నిక్ వెనకాల ఉన్న పాత వర్క్‌షాప్‌ను శిక్షణ కేంద్రం చేశారు. గోడకు కట్టిన బ్యానర్ మీద మూడు చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి పరిశ్రమ, ఒకటి కళాశాల, ఒకటి ప్రభుత్వం. మూడూ నున్నటి చేతులు. సర్జికల్ గుడ్డ నేసే షెడ్ల యజమానుల సంఘం మగ్గం ఇచ్చింది. కళాశాల గది ఇచ్చింది. మిగిలింది ప్రభుత్వం చూసుకుంది. సత్రపట్టి చుట్టుపక్కల షెడ్లలో ఆర్డర్లు ఉండి కూడా మగ్గాలు రెండేసి రోజులు ఊరికే నిలబడిపోతున్నాయి. ఒక బీముకు చుట్టిన నూలు అయిపోతే, కొత్త బీము పడుగు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా అతికే మనుషులు లేరు. పెద్ద మిల్లుల్లో ఆ పని చేసే మిషన్లు ఉన్నాయి గానీ, ఆరు మగ్గాలున్నవాడు అది కొనలేడు. అతకడం తెలిసినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. అందుకని ఈ పద్దెనిమిది రోజుల శిక్షణ. పదకొండు మంది ఆడపిల్లలు.

పన్నెండో పేరు అఖిలాండానిది. సంఘం కార్యదర్శి నవనీతకృష్ణన్ షెడ్డులోనే ఆమె ఇన్నేళ్ళూ పడుగులు అతికింది. ఆయనే ఇంటికి వచ్చి చెప్పాడు. "అక్కా, పిల్లోళ్ళకు నేర్పేది మీరే. కానీ టీచర్ అని రాసేదానికి సర్టిఫికెట్ కావల్ల. అందుకని ఈ బ్యాచ్‌లో మీరూ స్టూడెంట్‌గా పేరియ్యండి. పరీక్ష అయిపోతే వచ్చే బ్యాచ్‌కి మీరే టీచర్. కుర్చీలో కూర్చోవచ్చు."

ఆ చివరి మాటకే ఆమె ఒప్పుకుంది. నేల మీద కూర్చుంటే, మగ్గం కాలు పట్టుకోకుండా ఇప్పుడు లేవలేకపోతోంది.

పరీక్ష రాయాలంటే పదిహేను రోజుల హాజరు ఉండాలి. ఆమెకు ఒక్కటీ లేదు.

ఆ సోమవారం కూడా ఆమె మగ్గం ముందు పీట వేసుకుని కూర్చుంది. పళని పంచామృతం డబ్బా మూత తీసింది. అందులో జల్లించిన బూడిద. చిటికెడు తీసి మగ్గం దూలానికి అద్ది, నుదుటికి అద్దుకుంది. పాత పోగు, కొత్త పోగు కొసలు కలిపి పట్టుకుని, బూడిదలో వేళ్ళు ముంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపింది. ముడి లేదు. రెండు పోగులు ఒకటయ్యాయి. లాగి చూపించింది. తెగలేదు.

"ముడి వేస్తే పన్నె పళ్ళలో తట్టుకుంటాది," అంది. "నలిపితే మెత్తగా పోతాది. నూలుకు ఒక తిరుగుడు ఉంటాది, అది ఎటు తిరిగితే మనమూ అటే. ఎదురు తిప్పితే విడిపోతాది."

పిల్లల తరవాత ధన్య కూడా పీట మీద కూర్చుంది. ఆమె టెక్స్‌టైల్ డిప్లొమా చదివింది. పదేళ్ళుగా ఊళ్ళో బట్టల కొట్టు ఉన్న కుటుంబం పిల్ల. నూలు నంబర్లు, అంగుళానికి ఎన్ని పోగులో, అన్నీ నోటికి వచ్చు. రికార్డుల్లో టీచర్ ఆమే. నలిపింది, లాగింది. పోగు చేతిలోకి వచ్చేసింది. మళ్ళీ నలిపింది. మళ్ళీ వచ్చేసింది.

"టీచరమ్మకు పోగులంటే భయం," అంది జయప్రియ.

"భయం కాదు పిల్లా, మర్యాద," అంది అఖిలాండం. "గట్టిగా పట్టుకుంటే దానికి నొప్పి అనుకుంటున్నాది. పాపా, అది నూలు. నీ చెల్లెలు కాదు."

ధన్య ఈసారి నవ్వింది. మగ్గానికి అవతలివైపు ఖాళీగా ఉన్న చోటు చూపించి, "అటునుంచి చూస్తే నాకు బాగా తెలుస్తుందేమో," అంది.

"అటు వద్దు," అంది అఖిలాండం వెంటనే. "అది పోగు ఏరి ఇచ్చేవాళ్ళ చోటు. ఇది మా షెడ్డులోంచి వచ్చిన మూడో నంబర్ మగ్గం. అటు గోవిందమ్మాళ్ కూర్చునేది. కొడుకుతో తిరుప్పూర్ పోయినాది. ఈ డబ్బా ఆమెదే."

డబ్బా మూత పెట్టింది, మళ్ళీ తీసింది.

సాయంత్రం ధన్య ఒక నూలు కండె, కాగితంలో కాస్త బూడిద పొట్లం కట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

*

బుధవారం మధ్యాహ్నం అన్నం వేళ అఖిలాండం నవనీతకృష్ణన్‌ను వెతుక్కుంటూ సంఘం ఆఫీసుకు పోయింది. ఆయన ఫోనులో ఎవరికో గుడ్డ పంపే లారీ గురించి చెబుతున్నాడు. చెయ్యెత్తి కూర్చోమన్నాడు. ఇన్నేళ్ళ యజమాని ముందు ఆమె నిలబడే ఉంది.

"మొదలాళి, శుక్రవారం పరీక్షంట. నా వేలు మిషన్ తీసుకోలే."

"నేను చెప్పినానే అక్కా. కానీ హాజరు చూసుకునేది కాలేజ్. ప్రిన్సిపాల్ సార్‌ను అడగండి. నేను చెప్పినానని చెప్పండి."

ప్రిన్సిపాల్ సీతారామన్ గది ముందు బెంచీ ఉంది. అక్కడ కూర్చుంది. లేవడానికి పట్టుకునేందుకు ఏముందా అని కూర్చునే ముందే చూసుకుంది. కిటికీ ఉంది. అరగంటకు ఆయన పిలిచాడు. మంచివాడే. నీళ్ళు తెప్పించాడు.

"వేళ్ళు చూపించండమ్మా."

ఆమె రెండు చేతులూ బల్ల మీద పరిచింది. ఆయన కళ్ళజోడు పైకి తోసి వంగి చూశాడు. వేళ్ళ కొసలు పాలిష్ పట్టిన రాళ్ళలా ఉన్నాయి. ఒక్క గీత లేదు.

"ఒక పది రోజులు బూడిద పని మానేస్తే గీతలు వస్తాయంటారు," అన్నాడు.

"పని మానేస్తే పిల్లలకు ఏం నేర్పేది సార్?"

ఆయన రెండు అరచేతులూ ఎత్తి చూపించాడు. "మిషన్ ప్రభుత్వానిది. దాన్లో మనం కై పెట్టకూడదు."

"పెట్టినా తీసుకోదు సార్."

ఆయన నవ్వి, వెంటనే నవ్వు ఆపుకున్నాడు. కంటిపాపను చూసి గుర్తుపట్టే మిషన్లు కూడా ఉంటాయనీ, వాటికి ఆర్డర్ పెట్టాలనీ, మదురై నుంచి రావాలనీ, వచ్చే ఏడాదికి చూద్దామనీ చెప్పాడు. జిల్లా ఆఫీసు నంబర్ ఒక చీటీ మీద రాసిచ్చాడు. ఆమె వర్క్‌షాప్‌కు తిరిగి వచ్చాక ధన్య తన ఫోనులోంచి ఆ నంబర్‌కు చేసి ఇచ్చింది. అవతల ఒకామె అంతా విని, స్టూడెంట్ల పేర్లు ఇచ్చింది సంఘం కాబట్టి సంఘాన్నే అడగమంది.

అఖిలాండం ఫోను తిరిగిచ్చేసింది. బ్యానర్ మీది మూడు చేతులూ చూసింది. ఎవరి చేతిలో ఎవరి చెయ్యి ఉందో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా భలే గీశారు.

"ఏమన్నారు?" అంది ధన్య.

"మొదలుపెట్టిన చోటికే పొమ్మన్నారు."

ఆ సాయంత్రం సత్రపట్టి బస్సులో ఆమెకు నిలబడే చోటే దొరికింది. కమ్మీ పట్టుకున్న చేతినే చూసుకుంటూ పోయింది. ఒకవేళ కుర్చీ రాకపోతే ఏమవుతుంది? పిల్లలు నేర్చుకున్నారు. శుక్రవారం పరీక్ష అయ్యాక షెడ్లు వాళ్ళను పిలుచుకుంటాయి. వాళ్ళ వేళ్ళు చురుకైనవి, మోకాళ్ళు మంచివి. తను ఎవరికీ అక్కర్లేదు. తను నేర్పిందే తనను బయటికి పంపిస్తుంది. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. అందుకే ఎవరి మీదా కోపం కూడా రాలేదు. ఉత్త అలసటగా ఉంది.

*

గురువారం ధన్య పీట మీద కూర్చున్నప్పుడు అఖిలాండం ఆమె చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. చూపుడువేలి కొస ఎర్రగా పొంగి ఉంది. బొటనవేలి మీద తోలు లేచింది.

"ఎన్ని అతికినావు ఇంట్లో?"

"లెక్క పెట్టలేదు. అమ్మ తిట్టే వరకు."

"పిచ్చిపిల్లా. కొబ్బరినూనె పెట్టు."

"నూనె పెడితే పోగు జారుతుంది కదా," అంది ధన్య.

అది నిజమే. గోవిందమ్మాళ్ కూడా అదే మాట అనేది. అఖిలాండం ఆ చెయ్యి వదిలేసి డబ్బా ముందుకు జరిపింది. ఆ రోజు ధన్య అతికిన పది పోగుల్లో ఆరు నిలబడ్డాయి.

*

శుక్రవారం పొద్దున పదికి పరీక్షాధికారి అశోక్‌కుమార్ మదురై నుంచి వచ్చాడు. సన్నటి మనిషి, బస్సు ప్రయాణానికి చొక్కా నలిగింది. నవనీతకృష్ణన్ వచ్చాడు, సీతారామన్ వచ్చాడు. పిల్లలు తలలు నున్నగా దువ్వుకుని వరసగా నిలబడ్డారు. పదకొండు వేళ్ళూ పడ్డాయి. చివర టీచర్ వేలు పడితేనే పరీక్ష తెరుచుకుంటుంది.

ధన్య వేలు పెట్టింది. మిషన్‌లోని ఆడగొంతు మళ్ళీ ప్రయత్నించమంది.

ఇంకో వేలు. మళ్ళీ ప్రయత్నించమంది. ధన్య చేతులు తుడుచుకుంది, ఊదింది, రెండు చేతులవీ పెట్టింది. తోలు లేచిన వేళ్ళు గాజు మీద తడి మచ్చలు వదిలాయి.

"మిషన్ చెడిపోయింది," అన్నాడు సీతారామన్.

"మిషన్ ప్రాబ్లమే," అన్నాడు నవనీతకృష్ణన్. "అయ్యో, ఇవాళేనా?"

అశోక్‌కుమార్ గడియారం చూసుకుని, ఇంకో రకం మిషన్ ఏమీ లేదా అని తమిళంలో అడిగాడు. సీతారామన్ గుమాస్తాకు ఫోను చేశాడు. పావుగంట కూడా కాలేదు. స్కాలర్‌షిప్ సెక్షన్ బీరువాలోంచి అట్టపెట్టె వచ్చింది. దాని మీద దుమ్ము ఉంది. కంటిపాప చూసే మిషన్. ధన్య రెండు కళ్ళూ పెద్దవి చేసి చూసింది. పచ్చ దీపం వెలిగింది.

అఖిలాండం అట్టపెట్టె మీద దుమ్ములో గుమాస్తా వేళ్ళు పడిన చోట చూస్తోంది. ఐదు వేళ్ళు, గీతలతో సహా స్పష్టంగా ఉన్నాయి.

"సార్," అంది ధన్య. "పదిహేడు రోజులు అఖిలాండమ్మ వేలు పడలేదు. అప్పుడు వేలు చెడిపోయిందన్నాము. ఇవాళ నా వేలు పడలేదు. మిషన్ చెడిపోయిందన్నాము."

సీతారామన్ కిందికి చూశాడు. "అది స్కాలర్‌షిప్‌కు మాత్రమే అని ఉత్తర్వు ఉంది. ఇప్పుడంటే అవసరం..." అని ఆగిపోయాడు. మంచివాడే కాబట్టి ముఖం ఎర్రబడింది.

"అక్కది కూడా పెట్టండి, పెట్టండి," అన్నాడు నవనీతకృష్ణన్ హడావిడిగా.

అఖిలాండం వంగి మిషన్‌లోకి చూసింది. ఎడమకన్ను మసక. కుడికన్నుతో చూసింది. పచ్చ దీపం. తెర మీద ఆమె పేరు మొదటిసారి ఎరుపు లేకుండా వచ్చింది. దాని పక్కన హాజరు: ఒక రోజు.

అశోక్‌కుమార్ అది చూసి తల అడ్డంగా ఊపాడు. వెనక రోజులు చేర్చే దారి సిస్టంలో లేదు, ఈమె పరీక్ష తెరుచుకోదు అన్నాడు. తరవాత కాగితం చూసి, మొదట టీచర్ మగ్గం మీద వంద పోగులు అతికి చూపించాలి, అది వీడియో తీయాలి, ఆ తరవాతే పిల్లల పరీక్ష అన్నాడు.

నవనీతకృష్ణన్ అలవాటుగా అఖిలాండం వైపు తిరిగాడు. "అక్కా, కూర్చోండి. టీచర్ పక్కన నిలబడతాది. కైలు మాత్రమే వీడియోలో పడతాయి."

అఖిలాండం కదలలేదు. "నేను ఒక రోజు స్టూడెంట్‌ను మొదలాళి," అంది. "నాకు ఇంకా ఏమీ రాదు. టీచరమ్మనే చేసి చూపించమనండి."

పోయి పిల్లల వరసలో చివర నిలబడింది. జయప్రియ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ధన్య ఒక్క క్షణం ఆమెనే చూసింది. తరవాత పీట వేసుకుని కూర్చుంది. డబ్బా మూత తీసి, చిటికెడు బూడిద మగ్గం దూలానికి అద్ది, నుదుటికి అద్దుకుంది. అది నేర్పినట్టు అఖిలాండానికి గుర్తు లేదు. చూసి నేర్చుకుంది కాబోలు.

మొదటి పోగు నిలిచింది. రెండోది నిలిచింది. మూడు, నాలుగు జారాయి. అశోక్‌కుమార్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ఏడో పోగు దగ్గర ధన్య వేలి తోలు చీలి, నూలు మీద సన్నటి ఎర్ర చుక్క పడింది. ఆ పోగు తెంపేసి, ఇంకో వేలితో నలిపింది. తడబాటులో తిరుగుడు ఎదురు పడింది. విడిపోయింది. మళ్ళీ అదే. జయప్రియ ఒకడుగు ముందుకు వేసింది.

"ఉండు," అంది అఖిలాండం. "బూడిద పెట్టినవాళ్ళే ముగించల్ల. మధ్యలో ఇంకొక కై పడకూడదు."

అది షెడ్లలో అందరికీ తెలిసిన పద్ధతే. ఒకరి నలుపుడు ఒకరితో కలవదు. చెయ్యి మారితే బిగువు మారుతుంది, గుడ్డలో గీత పడుతుంది. పడుగు మొదలుపెట్టినవాళ్ళకు జ్వరమొచ్చినా వాళ్ళే పూర్తి చేస్తారు.

ఆమె తన చేతులు కొంగులో దాచుకుంది. లోపల బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే నలుపుతున్నాయి, సరైన వైపుకు. ఆపాలని చూసింది. ఆగలేదు. తొమ్మిదో పోగు కూడా జారినప్పుడు ధన్య తల ఎత్తలేదు, ఎవరినీ పిలవలేదు. మళ్ళీ వేలు బూడిదలో ముంచింది.

అఖిలాండం వరసలోంచి బయటికి వచ్చింది. మగ్గం చుట్టూ తిరిగి అవతలివైపుకు పోయింది. మగ్గం కాలు పట్టుకుని మెల్లగా, మూడు విడతలుగా నేల మీద కూర్చుంది.

"ఏరి ఇచ్చేవాళ్ళు కూర్చోవచ్చు," అంది ఎవరితోనూ కాకుండా.

పాత పోగు, కొత్త పోగు ఏరి, కొసలు సమంగా కలిపి, తిరుగుడు ఎటుందో తెలిసేలా కాస్త వంచి, ధన్య వేళ్ళ మధ్యకు అందించింది. ధన్య నలిపింది. నిలిచింది. ఇంకోటి అందించింది. నిలిచింది. నాలుగు నిలిచాక ఒకటి జారింది, ఆ పైన వరసగా పన్నెండు. ఇటునుంచి చూస్తే మగ్గం కొత్తగా ఉంది. నలిపేవాళ్ళ ముఖం కనిపిస్తుంది. పెదవి కొరుక్కోవడం కనిపిస్తుంది. అన్నేళ్ళూ గోవిందమ్మాళ్ తన ముఖాన్ని ఇలాగే చూస్తూ కూర్చుందన్న మాట. పోయేరోజు ఏమీ చెప్పకుండా డబ్బా చేతిలో పెట్టి ఎందుకు అంతసేపు చూసిందో ఇప్పుడు తెలిసింది.

వంద అయ్యాయి. అశోక్‌కుమార్ ఫోను కిందికి దించాడు.

పదకొండు మంది పిల్లలూ చెక్క చట్రాల మీద యాభయ్యేసి పోగులు అతికారు. అందరూ గట్టెక్కారు. జయప్రియ అందరికన్నా ముందు ముగించి, అధికారి వెనక నిలబడి అఖిలాండానికి కన్ను కొట్టింది. సంతకాలు అయ్యాక అశోక్‌కుమార్ బ్యాగు సర్దుకుంటూ, అఖిలాండమ్మ సంగతి ఏమైనా చేయవచ్చా అని ధన్య అడిగితే, చేయవచ్చన్నాడు. సర్టిఫికెట్ లేకుండానే అతిథి టీచర్‌గా పిలిచే నియమం ఒకటి ఉంది. కాగితం మీద అడగాలి. శిక్షణ ఇచ్చే టీచర్, కళాశాల, సంఘం, మూడు సంతకాలు కావాలి.

ధన్య అక్కడే నిలబడి నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి రాసింది. కింద సంతకం పెట్టింది. సీతారామన్ దాన్ని రెండుసార్లు చదివి, కళాశాల ట్రస్టు వాళ్ళతో ఒక మాట అనుకుని సోమవారం పెడతానన్నాడు. ప్రిన్సిపాల్ పెట్టిన మరుక్షణం తనూ పెడతానన్నాడు నవనీతకృష్ణన్. కాగితం మడిచి ధన్య తన బ్యాగులో పెట్టుకుంది.

"ఒకటి పడినాది," అంది అఖిలాండం. "ఇంకా రెండు."

అందరూ పోయారు. మగ్గం మీద ఇంకా పదమూడు వందల పోగులు అతకాల్సి ఉన్నాయి. ధన్య పీట వదలలేదు. అఖిలాండం అవతలివైపే ఉంది. లేవడం ఎలాగూ కష్టమే.

ఆమె ధన్య చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పింది. చూపుడువేలి కొసన పాత తోలు పోయి, కింద గులాబీ రంగులో కొత్త తోలు కనిపిస్తోంది. దాని మీద సన్నగా, ఉందో లేదో తెలియనట్టు, గీతలు.

"ఇప్పుడు మానుకుంటే ఇవి మళ్ళీ వస్తాయి పాపా," అంది. "ఇంకొన్నాళ్ళు చేస్తే రావు. బాగా ఆలోచించుకో. తరవాత నన్ను అనకూడదు."

ధన్య వేలు చూసుకుంది.

"పోగు ఇవ్వండి," అంది, వేలు బూడిదలో ముంచుతూ.